లక్ష పల్లీల్లో ఒక్కటి

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు పల్లీలంటే తిండికి తిండి, కాలక్షేపానికి కాలక్షేపం. పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ, సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట వేయించిన పల్లీల పొట్లం, రాత్రి హాస్టల్లో కూర బాగాలేకపోతే అన్నంలోకి పల్లీపొడి. మా మనవరాలిదీ అదే గుంపు. మొన్న సైన్స్ అండ్ టెక్నాలజీ పేపరుకు నోట్సు రాసుకుంటూ తలెత్తి అడిగింది: "తాతయ్యా, పల్లీల్లో బూజు విషం ఉందో లేదో పదిహేను నిమిషాల్లో చెప్పే కిట్టు మన ఇక్రిశాట్ వాళ్లు చేశారట కదా. సంచిలో వేసుకుని ఊళ్లోకి పోవచ్చట. ఇంకేం మరి, గొడవ తీరినట్టే కదా?"

"కిట్టు సంచిలో పడుతుంది, నిజమే. గొడవంతా బస్తాలో ఉందమ్మా" అన్నాను. ప్రిలిమ్స్‌కైతే సంస్థ పేరు, సంవత్సరం చాలు. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, పటాన్‌చెరు, 2016. రాసుకుని పుస్తకం మూసేసే పిల్లయితే నాకు ఇంత మాట్లాడే పని పడేదే కాదు. ఆమె మూయలేదు.

ముందు విషం సంగతి చూద్దాం. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అని ఒక బూజుంది. పసుపు కలిసిన పచ్చరంగు. మట్టిలో ఉంటుంది, గాలిలో ఉంటుంది, మన వంటింట్లోనూ ఉంటుంది. పల్లీ, మొక్కజొన్న, మిరప, పత్తి గింజ, కొబ్బరి, ఏది దొరికినా కాపురం పెట్టేస్తుంది. వెచ్చదనం, తేమ కుదిరినప్పుడు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చావడం మొదలైంది. లక్ష దాకా పోయాయి. ఏం రోగమో అంతుబట్టక "టర్కీ ఎక్స్" అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆరా తీస్తే దాణాలో కలిపిన వేరుశెనగ చెక్క దగ్గర తేలింది. బ్రెజిల్ నుంచి వచ్చిన చెక్క అది. దాంట్లోంచి తీసిన విషాన్ని అతినీలలోహిత కాంతి కింద పెడితే కొంత నీలంగా, కొంత ఆకుపచ్చగా మెరిసింది. ఇంగ్లీషులో ఆ రంగుల పేర్ల మొదటి అక్షరాలే తగిలించి బీ1, బీ2, జీ1, జీ2 అన్నారు. వీటిలో బీ1 మహా ముదురు. కాలేయానికి క్యాన్సర్ తెచ్చేవాటిలో అనుమానానికి తావులేని మొదటి వర్గంలో దాన్ని చేర్చారు. హెపటైటిస్-బీ ఉన్నవాళ్లు ఇది తింటే ముప్పు ఇంకా ఎన్నో రెట్లు.

"ఉడకబెడితే చావదా?" అంది మనవరాలు. చావడానికి అది ప్రాణి కాదు కదమ్మా. వేడికి బూజు చస్తుంది. అది వదిలి పోయిన రసాయనం 230 డిగ్రీలు దాటితే గానీ పూర్తిగా విడిపోదు. మన కుక్కర్ 120 దగ్గరే ఆగిపోతుంది. మూకుట్లో వేయిస్తే కొంత తగ్గుతుంది, మొత్తం పోదు. పైగా దానికి రుచీ వాసనా ఉండవు. ముక్కిన వాసన వేస్తే అది బూజుది, ముదిరిపోయిన నూనెది. వాసన లేనంత మాత్రాన విషం లేదనుకోవడానికి లేదు.

ఎంత ఉంటే ప్రమాదం? మన దేశపు ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఇంకా శుద్ధి చేయాల్సిన గింజలకు కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేవాటికి 10 అని హద్దు పెట్టింది. ఐరోపావాళ్లు నేరుగా తినే పల్లీకి 4 అన్నారు. 10 మైక్రోగ్రాములంటే ఏమిటో లెక్క వేయమన్నాను. పిల్ల లెక్కల్లో గట్టిదే, వెంటనే వేసింది: ఒక టన్ను పల్లీల్లో మొత్తం కలిపి 10 మిల్లీగ్రాములు. చిటికెలో పదో వంతు కూడా కాదు. అంత కొంచెం విషాన్ని లారీ సరుకులో వెతికి పట్టుకోవాలి. ఈ కథలోని తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

మన హైదరాబాదుకు ఈ విషంతో పాత పరిచయం ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో ఇక్కడికి వచ్చింది. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాలు బాంస్వాడా, పంచమహల్స్‌లో గిరిజన గూడేల్లో జనానికి కామెర్లు, కడుపులో నీరు. చూడబోతే అంటు కామెర్ల మాదిరే ఉంది. కానీ ఆ ఇళ్లలో మనుషులతో పాటు కుక్కలు కూడా అట్లాగే పడిపోతున్నాయి. మనుషుల కామెర్ల అంటు కుక్కలకు రాదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది తిండి ఒక్కటే. అకాల వర్షానికి తడిసి బూజుపట్టిన మొక్కజొన్న! ఈ చిక్కుముడి విప్పింది తార్నాక నుంచి వెళ్లిన కృష్ణమాచారి, రమేశ్ భట్, వాళ్ల తోటివాళ్లు. 397 మంది జబ్బుపడితే 106 మంది పోయారని మరుసటి ఏడాది 'లాన్సెట్' పత్రికలో రాశారు. ఆ మొక్కజొన్నలో విషం కిలోకు 6,000 మైక్రోగ్రాముల నుంచి 15,000 పైదాకా ఉంది. పది ఎక్కడ, పదిహేను వేలు ఎక్కడ!

ఇరవై ఏళ్ల తర్వాత బూజు విషం ఇంటి ముంగిటికే వచ్చింది. 1995లో దక్కన్ పీఠభూమి పల్లెల్లో కోతల వేళ వాన పట్టుకుంది. జొన్న, మొక్కజొన్న కంకుల మీదే నల్లబడ్డాయి. ఆ గింజలు పిండి పట్టించుకుని రొట్టెలు చేసుకు తిన్న ఇళ్లలో కడుపునొప్పి, గుడగుడలు, విరేచనాలు. తార్నాకవాళ్లు వానకు దెబ్బతిన్న 50 ఊళ్లు తిరిగితే 27 ఊళ్లలో ఇదే తీరు. ఈసారి దోషి వేరే బూజు, వేరే విషం. ఫ్యుమోనిసిన్ అంటారు. ఆ గింజ మానేస్తే జబ్బూ మానింది, ప్రాణాలు దక్కాయి. అయినా ఒకటి గమనించు: గింజ నల్లబడిందని తినేవాళ్లకు తెలియకా? తెలుసు. ఇంట్లో వేరే గింజ లేదు. ఎంత గొప్ప సెన్సరు తెచ్చి చూపించినా ఆ పూట వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ఈ మాట పరికరాలు అమ్మేవాళ్ల కరపత్రాల్లో కనబడదు.

సరే, పరీక్ష ఎట్లా చేస్తారో చూద్దాం. మన నారాయణగూడలోని ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అనగానే అందరికీ కుక్కకాటు సూది గుర్తొస్తుంది. విదేశాలకు వెళ్లేవాళ్లకైతే ఎల్లో ఫీవర్ టీకా. ఆహార పరీక్షలు కూడా ఆ గొడుగు కిందివే. రాష్ట్ర ఆహార ప్రయోగశాల మాత్రం నాచారంలో ఉంది. ఇట్లాంటి విషాల్ని తేల్చడానికి ప్రయోగశాలల్లో వాడేది హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం. సన్నటి గొట్టంలో ద్రవాన్ని గట్టి ఒత్తిడితో నెడితే, అందులోని పదార్థాలు ఒకదాని వెనక ఒకటిగా విడివిడిగా బయటికి వస్తాయి. ఏది ఎంతుందో కచ్చితంగా కొలుస్తుంది. కానీ దానికి ఏసీ గది కావాలి, చదువుకున్న మనిషి కావాలి, శుద్ధమైన ద్రావకాలు కావాలి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం శాంపిల్ అందిన 14 రోజుల్లోగా విశ్లేషకుడు నివేదిక ఇవ్వాలి. కోర్టు వ్యవహారానికి అది తక్కువ గడువే. మార్కెట్ యార్డులో బస్తా ఉండేది మాత్రం ఒక్క పూట. నివేదిక వచ్చేలోగా ఆ పల్లీ చిక్కీ అయి, చిక్కీ బడిపిల్లల కడుపులో పడి ఉంటుంది.

అందుకే ఇక్రిశాట్‌వాళ్లు యంత్రాన్ని పక్కన పెట్టి కుందేలు దారి పట్టారు. మనవరాలు నవ్వింది గానీ ఇది ఉత్తుత్తి మాట కాదు. ఒంట్లోకి పరాయి పదార్థం వస్తే దాన్ని పట్టుకోవడానికి రక్తం యాంటీబాడీలను తయారుచేస్తుంది కదా. అఫ్లాటాక్సిన్ మరీ చిన్నది, అణుభారం 312. అంత చిన్నదాన్ని రక్తం లెక్కచేయదు. అందుకని దాన్ని ఓ పెద్ద ప్రొటీన్‌కు అతికించి కుందేలుకు ఎక్కించారు. అప్పుడు కుందేలు రక్తం మేలుకుని దానికి సరిపోయే యాంటీబాడీలను తయారుచేసింది. వాటితో ఎలైసా అనే పరీక్ష కుదిర్చారు. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో ఒకేసారి బోలెడు శాంపిళ్లు పెట్టి, తేలే రంగును బట్టి విషాన్ని లెక్కగట్టే పద్ధతి. దానితోనే మన మిరపను జల్లెడ పట్టారు. 2001లో వచ్చిన పత్రం ప్రకారం, ఆంధ్రప్రదేశ్ మార్కెట్లలో, దుకాణాల్లో తీసిన 182 మిరప శాంపిళ్లలో 59 శాతంలో బీ1 ఉంది, 18 శాతంలో హద్దు దాటింది. అన్నిటికంటే ఎక్కువ, కిలోకు 969 మైక్రోగ్రాములు, మూడో రకం కాయలో దొరికింది. రైతు ఏరి పక్కన పోసే నాసిరకం అన్నమాట. ఆ కాయను ఎవరూ పారబోయరు. కారం పట్టిస్తే రంగు తేడా కనబడదు. అందుకే కారం కాయ కొని పట్టించుకోమని మా ఆవిడ చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ చెబుతుంది. పత్రాలు చదివి కాదు, వాళ్లమ్మ చెప్పింది కాబట్టి.

ఎలైసాకూ ఎంతో కొంత ప్రయోగశాల కావాలి. 2016లో వచ్చిన కిట్టు ఆ గడప కూడా దాటింది. రెండు డాలర్లలోపు ఖర్చు, 15 నిమిషాల లోపు ఫలితం, కిలోకు 10 మైక్రోగ్రాముల దాకా పసిగడుతుంది అని చెప్పారు. చూడటానికి కోవిడ్ రోజుల్లో మనమంతా ముక్కులో పుల్ల పెట్టుకుని చూసుకున్న పట్టీయే. పల్లీలు మెత్తగా నూరి, మెథనాల్ కలిపిన నీళ్లు పోసి గిలకరించాలి. విషం ఆ ద్రవంలోకి దిగుతుంది. దాన్ని వడకట్టి పట్టీ మీద చుక్కలు వేయడమే.

ఇక్కడ ఒక తిరకాసుంది. కోవిడ్ పట్టీలో రెండో గీత పడితే గుండె గుభేలుమనేది. దీంట్లో రెండో గీత పడితేనే సంతోషం, పడకపోతే సరుకు చెడ్డది. ఎందుకు తిరగబడింది? పెద్ద అణువైతే ఒక యాంటీబాడీ ఒక పక్క, ఇంకోటి మరో పక్క పట్టుకోగలవు. అట్లా రెండింటి మధ్య దొరికినప్పుడు గీత పడుతుంది. మన విషం అణుభారం 312 అయితే యాంటీబాడీది లక్షా యాభై వేలు. రెండు చేతులు పట్టేంత జాగా విషానికి లేదు. అందుకని ఆటను పోటీగా మార్చారు. పట్టీ మొదట్లో బంగారపు అతిసూక్ష్మ రేణువులు తగిలించిన యాంటీబాడీలుంటాయి. అంత సన్నబడ్డ బంగారం ఎర్రగా కనబడుతుంది. దారిలో ఒకచోట విషాన్ని ముందే గీతగా అద్ది పెట్టారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బస్సెక్కడం ఊహించుకో. యాంటీబాడీలు సీట్లు. శాంపిల్లో విషం ఉంటే మొదటి స్టాపులోనే ఎక్కి సీట్లన్నిటి మీదా తువ్వాళ్లు పరిచేస్తుంది. గీత దగ్గర కాచుకుని ఉన్న విషానికి ఒక్క సీటూ దొరకదు, బస్సు ఆగకుండా పోతుంది, ఎర్ర గీత పడదు. శాంపిల్లో విషం లేకపోతే ఖాళీ సీట్లన్నీ గీత దగ్గర నిండి, బంగారం అక్కడే పేరుకుని ఎర్రగా తేలుతుంది. ఆ తర్వాత ఉండే గీత పట్టీ సరిగ్గా పనిచేసిందని చెప్పడానికి. అది కూడా పడలేదంటే పట్టీయే చెడిపోయిందని అర్థం, పారేయాలి.

"అయితే నాయనమ్మ షుగర్ మిషన్ పద్ధతిలో అంకె చూపించేవి లేవా?" అంది. ఉన్నాయి, ప్రపంచమంతా వాటి వెనకే పడింది. పట్టీ గీతను ఫోను కెమెరాతో చదివి అంకెగా మార్చేవి ఒక రకం. రంగుతో పని లేకుండా, షుగర్ స్ట్రిప్పులో ఉన్నట్టే కార్బన్ సిరాతో అచ్చేసిన ఎలక్ట్రోడు మీద యాంటీబాడీని కూర్చోబెట్టి కరెంటు తేడా కొలిచేవి ఇంకో రకం. కుందేలుతో పని లేకుండా డీఎన్ఏ ముక్కల్లోనే విషానికి అతుక్కునేవాటిని ఏరి తీసుకుంటున్నారు. వాటిని ఆప్టామర్లు అంటారు. ఓక్రాటాక్సిన్ అనే మరో బూజు విషానికి 2008లో అట్లాంటిది కుదిరింది. ఎండకు, ప్రయాణానికి ఇవి యాంటీబాడీల కంటే ఎక్కువ ఓర్చుకుంటాయి. మన ఎండాకాలం యార్డులో అది చిన్న సంగతి కాదు.

కానీ షుగర్ మిషన్‌తో పోల్చేటప్పుడు రెండు తేడాలు మర్చిపోకూడదు. ఒకటి, రక్తంలో చక్కెర లీటరుకు దాదాపు ఒక గ్రాము. పల్లీలో విషం హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు. లక్ష రెట్లు తక్కువ! పైగా నూనె, ప్రొటీన్, రంగు, పొట్టు అన్నీ అడ్డం వస్తాయి. ఈ తేడాను శాస్త్రవేత్తలు ఏదో ఒకనాటికి జయిస్తారు, చాలావరకు జయించారు కూడా. రెండో తేడా దగ్గర వాళ్ల తెలివితేటలు అంతగా పనిచేయవు. నాయనమ్మ ఏ వేలు గుచ్చుకున్నా రక్తం ఒకటే. బస్తాను ఏ మూల గుచ్చామన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

ఇది కాస్త నిదానంగా చూద్దాం. బూజు బస్తా అంతటా సమానంగా పట్టదు. పొలంలో పురుగు తొలిచిన కాయ, పీకేటప్పుడు గునపం తగిలిన కాయ, తడి నేలకు ఆనిన కాయ, ఏదో ఒకటి రెండింటిలో దూరుతుంది. దూరినచోట మాత్రం విజృంభిస్తుంది. 1966లో అమెరికాలో పల్లీ గింజల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి చూస్తే కొన్నిట్లో విషం కిలోకు పది లక్షల మైక్రోగ్రాములు దాటింది. ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక గింజ అర గ్రాము. 50 కిలోల బస్తాలో లక్ష గింజలు. 99,999 గింజలు మేలిమి ముత్యాలే అనుకో, ఒక్కదాంట్లో కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల లెక్కన విషం ఉంది. అంటే ఆ గింజలో అర మిల్లీగ్రాము. బస్తా మొత్తానికి పంచితే కిలోకు సరిగ్గా 10 మైక్రోగ్రాములు. ఒక్క గింజ బస్తాను హద్దు మీదికి తెచ్చి నిలబెట్టింది!

మనం ఆ బస్తాలోంచి 20 గ్రాములు, అంటే 40 గింజలు తీసి పరీక్షించాం. ఆ పాపపు గింజ మన చేతికి రావడం 2,500 సార్లలో ఒక్కసారి. రాకపోతే పట్టీ "సున్నా, శుభ్రం" అంటుంది. వస్తే కిలోకు 25,000 అంటుంది. బస్తా అసలు సంగతి 10. పట్టీ రెండుసార్లూ నిజమే చెప్పింది, తన ముందు పెట్టిన 40 గింజల గురించి. రెండుసార్లూ బస్తా గురించి అబద్ధమే అయింది. నిజానికి బస్తాలో చెడ్డ గింజ ఒక్కటే ఉండదు, కొన్ని ఉంటాయి, విషం తలా కొంత ఉంటుంది. అయినా తీరు ఇదే. ఒకే సరుకును ఇద్దరు పరీక్షిస్తే ఒకరికి పాసు, ఇంకొకరికి ఫెయిలు కావడం ఈ వ్యాపారంలో మామూలే. ఎగుమతిదారుకూ దిగుమతిదారుకూ మధ్య సగం తగాదాలు ఇక్కడే పుట్టి ఉంటాయని నా అనుమానం.

మరి మందేమిటి? ఐరోపావాళ్ల పద్ధతిలో పెద్ద సరుకైతే చాలాచోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి 20 కిలోల దాకా పోగుచేయాలి. అదంతా మెత్తగా ఆడించి, బాగా కలిపి, అప్పుడు ఒక చెంచా తీసి పరీక్షించాలి. ఓడకెత్తే సరుకుకు ఇది సరే. పది బస్తాలు ఆటోలో వేసుకొచ్చిన రైతు దగ్గర 20 కిలోలు ఆడించేస్తే, ఆ పిండికి డబ్బెవరిస్తారు? రెండు డాలర్ల పట్టీకి ఇరవై కిలోల పల్లీ. పట్టీ ఖర్చు తగ్గించడం మీద పేజీలకు పేజీలు రాసేవాళ్లు ఈ పిండి ఖర్చు ఊసెత్తరు. అందుకే నా మటుకు నాకు, ఇంకా సున్నితమైన సెన్సరు కంటే, చవగ్గా చాలాచోట్ల గుచ్చి తీసి, ఆడించి, కలిపే చిన్న మిషన్ ఎవరైనా చేస్తే వాళ్లకే దండేస్తాను. దాంట్లో నానో అనే మాట రాదు కాబట్టి ఎవరూ చేయరేమో!

అట్లాగని యార్డులో సెన్సర్లే లేవనుకోకు. మన రైతులందరికీ తెలిసిన సెన్సరు ఒకటుంది: తేమ మీటరు. గిన్నెలో గింజలు పోసి మూత పెడితే అంకె చూపిస్తుంది. రెండు లోహపు రేకుల మధ్య గింజలుంటాయి. వాటిలో నీళ్లు ఎక్కువైన కొద్దీ ఆ రేకులు నిలబెట్టుకునే విద్యుదావేశం పెరుగుతుంది, అదే కొలుస్తుంది. వడ్లకు 17 శాతం, మొక్కజొన్నకు 14 శాతం. ఈ అంకెల కోసమే కొనుగోలు కేంద్రాల ముందు రోడ్ల మీద రోజుల తరబడి గింజలు ఆరబోస్తుంటారు. పల్లీని 8 శాతానికి దించగలిగితే బూజుకు నీళ్లు పుట్టవు. చేతిలోకి తీసుకుని ఊపితే కాయ గలగలమనాలని పాతకాలపు రైతులు చూసేది ఇదే. తేమ అన్ని గింజల్లోనూ ఇంచుమించు ఒకే రకంగా ఉంటుంది, గిన్నెడు గింజలు చాలు. పైగా పట్టీ జరిగిపోయిందాన్ని చెబితే, తేమ మీటరు జరగబోయేదాన్ని చెబుతుంది. ఎండబెట్టిన కాయ మీద ఒలిచే మిషన్‌కు అనువుగా ఉంటుందనో, తూకం పెరుగుతుందనో నీళ్లు చల్లే చెడ్డ అలవాటు మనవైపు ఉంది. ఎండలో పడ్డ కష్టమంతా అక్కడే నీళ్లపాలు.

తేమ మీటరుకు కనబడనిది కూడా ఒకటుంది. అనంతపురంలో చూడు, ఊడలు దిగి కాయ ముదిరే చివరి వారాల్లో వాన ముఖం చాటేస్తుంది. నేల కాగిపోతుంది. నీళ్లున్నప్పుడు బూజును ఎదిరించే రసాయనాలను గింజ తనే తయారుచేసుకుంటుంది, ఎండితే ఆ బలం పోతుంది. విషం నేలలో ఉండగానే ఎక్కేస్తుంది. పీకి ఎంత శ్రద్ధగా ఆరబెట్టినా అప్పటికే ఎక్కింది దిగదు. ఆ ఒక్క తడి ఇవ్వగలిగిన రైతు కాయ వేరు, ఇవ్వలేని రైతు కాయ వేరు. పల్లీలో పట్టీ ఎక్కువ అక్కరకొచ్చేది ఇక్కడే, కరువు పడ్డ ఊళ్ల సరుకును విడిగా పెట్టి చూడటానికి.

ఇంతకీ పట్టీ ఎవరి చేతిలో ఉండాలి? ఖరీదుదారు చేతిలోనే ఉంటే అది తరుగు తీయడానికి ఇంకో సాకు అవుతుంది. గీత రాలేదు, క్వింటాలుకు ఇంత కొయ్యి అంటాడు. గీత వస్తే రూపాయి ఎక్కువిస్తాడా? శుభ్రమైన పల్లీకి ధర కలిసొచ్చిన నాడు రైతే పట్టీ కొనుక్కుంటాడు, ఎవరూ చెప్పక్కర్లేదు. రైతు సంఘాలు సరుకు కలిపి అమ్మేచోట, ఆడించిన 20 కిలోల నష్టం అందరి మీదా పంచుకునేచోట ఇది సాగుతుంది. ఒంటరి రైతుతో సాగదు.

"మనింట్లోకి ఒక డబ్బా తెప్పిద్దామా?" అంది చివరికి. అక్కర్లేదు. ఇంట్లో కిలో పల్లీల్లో రెండు వేల గింజలుంటాయి. పళ్లెంలో పోసి చూస్తే అన్నీ కంటికి కనబడతాయి. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, పొట్టు కింద పచ్చదనం ఉన్నవి, మొలకెత్తినవి, పుచ్చులు ఏరేయాలి. విషంలో ఎక్కువ భాగం ఈ కాసిని గింజల్లోనే ఉంటుంది కాబట్టి ఏరడం ఉత్తి శుభ్రం కాదు, అసలైన చికిత్స. మిల్లుల్లో సార్టెక్స్ మిషన్ రంగును చూసి గాలి ఊది ఎగరగొట్టేదీ వీటినే. నోట్లో చేదు తగిలితే మొహమాటపడకుండా ఉమ్మేయ్. గానుగ నూనె కొనేటప్పుడు గింజ ఏ పాటిదో అడుగు. విషంలో ఎక్కువ పాలు చెక్కలోకే పోతుంది గానీ, శుద్ధి చేయని నూనెలోకీ కొంత దిగుతుంది. అతినీలలోహిత టార్చి కొనుక్కొచ్చి పల్లీల మీద వేసి చూస్తామంటారు కొందరు. మొక్కజొన్నలో మెరిసేది చాలాసార్లు ఆ బూజు చేసే వేరే పదార్థం. మెరిసినంత మాత్రాన విషం ఉన్నట్టు కాదు, మెరవకపోతే లేనట్టూ కాదు.

ఏరినవాటిని మాత్రం పశువుకు వేయొద్దు. చెక్కగా తిన్నా గింజగా తిన్నా ఆవు ఆ బీ1ను కాలేయంలో కొంచెం మార్చి ఎం1గా పాలల్లోకి పంపుతుంది. ఒక్క రోజులోనే పాలల్లో కనబడుతుంది. పాలకు మన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము. 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతా 6,432 పాల శాంపిళ్లు చూస్తే 368 ఆ హద్దు దాటాయి. నీళ్లు కలిపారా, యూరియా కలిపారా అని వెతకబోయిన సర్వేలో దాణా దోషం బయటపడింది. పాలవాడు కల్తీ చేయలేదు, చెక్కే చెడ్డది. మేపు మారిస్తే కొద్ది రోజుల్లో పాలు బాగుపడతాయి.

పట్టీ నిజంగా రాణించేదీ ఇక్కడే. పాలు ద్రవం. క్యాను కలియబెడితే ఏ చుక్క తీసినా ఒకటే. లక్షలో ఒక్క గింజను వెతికే బాధ లేదు, ఆడించే పని లేదు, ఎవరి ఇరవై కిలోలూ నష్టపోవు. పల్లెలో పాల సేకరణ కేంద్రంలో రోజూ రెండు పూటలా వెన్న శాతం చూసే మిషన్ ఉంటుంది. దాని పక్కన ఎం1 పట్టీల డబ్బా పెట్టి, వారానికొకసారి ఊరి క్యానులో ఒక పట్టీ ముంచినా, ఏ ఊరికి చెడ్డ చెక్క చేరిందో తెలిసిపోతుంది. ఆ చెక్క ఏ మిల్లుది, ఆ మిల్లుకు ఏ బస్తాలు వెళ్లాయి అని వెనక్కి నడుచుకుంటూ పోవచ్చు.